ఇంటి బీమా క్లెయిము తిరస్కరణ – నూజివీడు మామిడి సీమ

గాలివానకో, వరదకో, అగ్నిప్రమాదానికో ఇల్లు దెబ్బతిన్నప్పుడు బీమా ఉన్నవారు కంపెనీని పరిహారం అడుగుతారు. అలా అడిగిన సొమ్ము ఇవ్వబోమని కంపెనీ చెప్పడాన్ని క్లెయిము తిరస్కరణ అంటారు. అడిగినదాంట్లో సగమో పావో ఇచ్చి సరిపెట్టడం కూడా ఆచరణలో దీని కిందికే వస్తుంది. అయితే చాలామంది దాన్ని తిరస్కరణగా గుర్తించరు, సంతకం పెట్టి ఊరుకుంటారు. తిరస్కరణ ఉత్తరం చేతికి రాగానే అంతా అయిపోయిందనుకోవడం మన ఊళ్ళలో మామూలే. నిజానికి అది ఒప్పందంలో అవతలి పక్షం ఇచ్చిన జవాబు మాత్రమే. దానికి తిరుగు జవాబు చెప్పే హక్కు, చెప్పాల్సిన చోటు, చెప్పాల్సిన గడువు అన్నీ చట్టంలో ఉన్నాయి.

ప్రాంతం, ప్రమాదాలు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు, వాటిని ఆనుకుని విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు వైపు ఊళ్ళు – ఇదంతా చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు పండే మెట్ట నేల. విజయవాడ పక్కన నున్న మార్కెట్టుకు వెళ్ళే సరుకులో ఈ తోటల కాయ పేరున్నది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది.

ఇక్కడ కాయ కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే ఈదురుగాలులు, పిడుగులు, వడగళ్ళు వస్తాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ ఆ కాలంలో వచ్చిందే. చెరువు గండ్ల ముప్పు ఉండనే ఉంది. 2024 ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరు మొదట్లో కురిసిన కుంభవృష్టికి నూజివీడు పెద్ద చెరువుకు గండి పడి లోతట్టు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అదే వానకు మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను రోజుల తరబడి ముంచింది. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ముంపుకు గురైన గ్రౌండు ఫ్లోరు ఇళ్ళకు 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేలు సాయం ప్రకటించింది. బీమా క్లెయిముల కోసం విజయవాడ సబ్‌ కలెక్టరు కార్యాలయంలో ప్రత్యేక కేంద్రం కూడా పెట్టారు. ప్రభుత్వ సాయం వేరు, బీమా పరిహారం వేరు. ఒకటి అందింది కదా అని రెండోదాన్ని అడగకుండా ఊరుకోవాల్సిన పనిలేదు.

గాలివాన వెలిసిన తెల్లారి ఈ ఊళ్ళలో మాటంతా రాలిన కాయ గురించే. ఎన్ని టన్నులు పోయింది, పచ్చడికి ఎవరైనా కొంటారా, కౌలుదారు ఏమంటాడు – ఇవే. తోటకు పంట బీమా ఉంటే దాని లెక్క వేరు, ఇంటి బీమాలో చెట్ల మీది కాపు రాదు. ఇంటి మీద పడ్డ కొమ్మ సంగతి మూడో రోజుకు గాని గుర్తురాదు. ఈలోపు కొమ్మ నరికి కట్టెలు పేర్చేస్తారు, పగిలిన రేకులు దించి కొత్తవి బిగిస్తారు, ప్రహరీ రాళ్ళు ఒక పక్కకు చేరుస్తారు. కంపెనీ పంపే సర్వేయరు వచ్చేసరికి అతనికి చూపించడానికి నష్టం మిగలదు. ఇక్కడి క్లెయిములు చాలావరకు బలహీనపడేది కంపెనీ ఆఫీసులో కాదు, ఈ మూడు రోజుల్లోనే.

పాలసీలో ఏముంటుంది

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకు అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. దాని పేరు భారత్ గృహ రక్ష. అంతకుముందు ఇళ్ళకూ, దుకాణాలకూ, గోదాములకూ కలిపి స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ అనే పాలసీ నడిచేది. పాత గృహ రుణాల వెంట వచ్చిన దీర్ఘకాలపు బాండ్లలో అది ఇప్పటికీ కనిపించవచ్చు. తన చేతిలో ఉన్నది ఏదో చూసుకోకుండా వాదన మొదలుపెట్టకూడదు, షరతులు రెండింటికీ ఒకటి కావు.

గృహ రక్షలో నిప్పు, పిడుగు, భూకంపం, తుపాను, గాలివాన, వరద, నీటి ముంపు, నేల కుంగడం, అల్లర్లు, వాటర్ ట్యాంకు పగలడం, బయటి వస్తువు వచ్చి తగలడం వంటివన్నీ ఉన్నాయి. ఆ చివరిదాంట్లో కూలిన చెట్టు కూడా వస్తుంది, మామిడి ఊరికి ఇది పెద్ద ఊరట. ఇల్లు అంటే నాలుగు గోడలే కావు. ప్రహరీ, గేటు, వరండా, నీళ్ళ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, సోలారు పలకలు కూడా కట్టడంలో భాగమే. ఇంట్లో సామానుకు విడిగా మొత్తం రాయించకపోయినా, కట్టడం బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, రక్షణ ఉంటుంది. శిథిలాలు తొలగించే ఖర్చు, ఇల్లు పనికిరాకుండా పోతే అద్దె ఖర్చు కూడా పాలసీ పరిధిలోవే. క్లెయిము రాసేటప్పుడు జనం ఎక్కువగా మరిచిపోయేవి ఇవే.

బీమా మొత్తాన్ని కట్టుబడి ఖర్చును బట్టి లెక్కించాలి, స్థలం విలువ అందులో కలపకూడదు. 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 1,800 రూపాయల కట్టుబడి అనుకుంటే 18 లక్షలు.

కారణాలు

తిరస్కరణ ఉత్తరాల్లో కనబడే కారణాలు ఎన్నో ఉండవు, తిప్పితిప్పి కొన్నే వస్తాయి.

మొదటిది, ఆ నష్టం పాలసీలో లేదనడం. ఇందులో కొన్ని సరైనవే. దొంగతనం తీసుకోండి. గృహ రక్షలో దొంగతనానికి రక్షణ ఉన్నది, వరదో మంటో వచ్చినప్పుడు ఆ సంఘటన జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికి మాత్రమే. మామూలు దొంగతనానికి విడిగా బర్గ్లరీ పాలసీ కావాలి. అక్కడ కూడా తాళం పగలగొట్టడం వంటి బలప్రయోగం ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2004లో హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సమర్థించింది. తలుపు తీసి ఉండగా లోపలికొచ్చి ఎత్తుకుపోతే ఆ పాలసీ పలకదు.

పిడుగుల సంగతి ఇక్కడి వాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పిడుగు పడి గోడ చీలితే పరిహారం వస్తుంది. కానీ షార్టు సర్క్యూటు వల్లనో, హై వోల్టేజీ వల్లనో టీవీ, ఫ్రిజ్జు, మోటారు వాటంతటవే కాలిపోతే, కారణం పిడుగే అయినా, ఆ పరికరం నష్టాన్ని పాలసీ మినహాయించింది. అయితే ఆ ఫ్రిజ్జులోంచి లేచిన మంట కిటికీ కర్టెనుకు అంటుకుని, బీరువా, మంచం, పైకప్పు కాలితే వాటికి పరిహారం ఉంది. మినహాయింపు ఆ ఒక్క పరికరానికే. ‘ఎలక్ట్రికల్ కారణం’ అని ఒక్క మాట రాసి మొత్తం క్లెయిము కొట్టేస్తే, సమాధానంలో ఈ తేడానే నిలబెట్టాలి.

రెండోది, కట్టడం గురించి చెప్పిన వివరం తప్పు అనడం. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ వంటి వాటితో వేసిన గోడ లేదా కప్పు ఉన్నదాన్ని పాలసీ కచ్చా కట్టడంగా లెక్కేస్తుంది. డాబా ఇంటికి చేయించిన బీమా తోటలోని కాపలా పాకకు దానంతటదే వర్తించదు. కార్పెట్ ఏరియా 10 శాతానికి మించి పెంచి చెప్పకపోయినా అభ్యంతరం వస్తుంది. సీజనులో ముందు గదుల్లో వరిగడ్డి పరిచి కాయ మాగబెట్టడం, అట్టపెట్టెలు, ట్రేలు పేర్చి గ్రేడింగు చేయడం ఈ ఊళ్ళలో ఉన్నదే. అప్పుడు మంట లేస్తే ‘నివాసం వ్యాపార స్థలంగా మారింది’ అన్న మాట రావడం ఖాయం. అమ్మకానికి పెట్టుకున్న సరుకు ఇంటి సామాను కాదు. చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వేరుగా ఉంది. కానీ సరుకు క్లెయిము పోయినంత మాత్రాన గోడ, కప్పుల క్లెయిము కూడా పోవాలని లేదు. రెండు లెక్కలు విడివిడిగా రాసి అడగాలి.

మూడోది, ఇల్లు ఖాళీగా ఉందనడం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో, ఇల్లు తాళంతో. పాత ఫైర్ పాలసీలో వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీ ముందుగా ఒప్పుకుంటే తప్ప, రక్షణ ఆగిపోతుంది. ఇలాంటి ఇంట్లో పెద్దవాళ్ళో, పనివాళ్ళో ఉంటూ వచ్చారని కరెంటు బిల్లుల రీడింగులే చెప్పగలవు.

నాలుగోది, ఆలస్యం. దీని గురించి తర్వాత కోర్టుల భాగంలో. ఐదోది, పత్రాలు లేవనడం. గ్రామకంఠంలోని పాత ఇళ్ళకు రిజిస్టరు దస్తావేజు ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు కనెక్షను, పంచాయతీ ధ్రువీకరణ అక్కడ ఆధారాలు. ఐఆర్‌డీఏఐ 2024 జూన్ నాటి మాస్టర్ సర్క్యులరులో పత్రాలు లేవన్న కారణంతో క్లెయిము తిరస్కరించరాదని స్పష్టంగా చెప్పింది. పాలసీ ఇచ్చేటప్పుడే అడగాల్సిన కాగితాలను నష్టం జరిగాక అడగడం కూడా కుదరదు.

ఇక ఆరోది, గోడ పాతబడి పడింది గాని గాలికి పడలేదు అనడం. సర్వేయరు నివేదికలో ‘అరుగుదల’ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఇక్కడ ఉపయోగపడేవి వాతావరణ లెక్కలు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ మండలాల్లో నెలకొల్పిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వాన, గాలి వివరాలు, తహసీల్దారు కార్యాలయం రాసిన నష్టం అంచనా, అగ్నిమాపక శాఖ నివేదిక, ఆ రాత్రి అదే వీధిలో పడిన ఇంకో రెండు గోడల ఫోటోలు. పక్కింటి గోడ కూడా పడిందంటే అరుగుదల వాదన నిలవడం కష్టం.

ఉత్తరం చేతికొచ్చాక

ముందు ఉత్తరంలో పాలసీ షరతు నంబరు ఉందో లేదో చూడాలి. లేకపోతే ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగాలి. తర్వాత సర్వేయరు నివేదిక నకలు అడగాలి, అది ఇవ్వడం కంపెనీ బాధ్యత. నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలైన న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియాలలో పాలసీ ఉంటే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. పూర్తి పాలసీ బాండు కూడా చేతిలో ఉండాలి. చాలా ఇళ్ళలో ఉండేది ఒక పేజీ షెడ్యూలే, షరతుల పుస్తకం ఉండదు. 

రుణం మీద కట్టిన ఇళ్ళకు బాండు బ్యాంకులో ఉంటుంది. ప్రీమియం ఖాతాలోంచి కోసుకుంటున్నారని తెలుసు, ఏ కంపెనీ అన్నది తెలియదు – ఇది ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళ పరిస్థితి. బ్యాంకుకు వెళ్ళి నకలు తీసుకోవాలి. రుణం తీరేవరకు పరిహారం బ్యాంకు పేరు మీదుగానే వస్తుంది, అయినా వాదించుకోవాల్సింది ఇంటివారే. ఖాతాలో డబ్బు ఉండి కూడా బ్యాంకు రెన్యువలు మరిచిపోయినట్లయితే, ఆ సేవాలోపానికి బ్యాంకు మీద కూడా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేయవచ్చు.

ఫోన్లో మాట్లాడింది లెక్కకు రాదు. ఏజెంటు చూసుకుంటాడన్నది అసలే లెక్కకు రాదు. ఈమెయిలు, స్పీడ్ పోస్టు, దాని ఎకనాలెడ్జిమెంటు – ఇవే రేపు చూపించగలిగేవి. మేస్త్రీతో తేదీ వేసిన అంచనా రాయించుకోవాలి. రేకులు ఎన్ని, ఏ కంపెనీవి, ఇటుక ఎంత, కూలి ఎంత అని విడివిడిగా. ‘మొత్తం రెండు లక్షలు’ అన్న ఒక్క గీత అంచనాను ఏ సర్వేయరైనా సగానికి కోస్తాడు.

ఫిర్యాదు చేసే చోట్లు

మొదటి మెట్టు కంపెనీలోని ఫిర్యాదుల పరిష్కార అధికారి. ఉత్తరంలో తిరస్కరణ కారణాన్ని యథాతథంగా రాసి, దాని కింద మన జవాబు, దాని పక్కన ఆధారం నంబరు. అంతకుమించి కథ అక్కర్లేదు. రెండు వారాల్లో జవాబు రావాలి. సమాంతరంగా ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లో నమోదు చేయవచ్చు, 155255కు ఫోను చేసినా నమోదు చేసుకుంటారు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అయితే ఆ పోర్టలు తీర్పు చెప్పదు, ఫిర్యాదును కంపెనీకి పంపి కదలిక తెస్తుంది. గడువుల ఉల్లంఘన చూపించడానికి ఇది బాగా పనికొస్తుంది. సర్వేయరును 24 గంటల్లో నియమించాలి, నివేదిక 15 రోజుల్లో రావాలి, నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి – 2024 సర్క్యులరు పెట్టిన హద్దులు ఇవి.

రెండో మెట్టు బీమా అంబుడ్స్‌మన్. మన రెండు రాష్ట్రాలకూ, యానాంకూ కలిపి కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఈ వ్యవస్థ 1998లో మొదలైంది, ఇప్పుడు నడుస్తున్నవి 2017 నాటి నియమాలు. కంపెనీకి రాసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇక్కడికి వెళ్ళవచ్చు. కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్ళాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 2021 సవరణ తర్వాత ఫిర్యాదు ఆన్‌లైనులో వేయవచ్చు, విచారణ వీడియోలో జరగవచ్చు. నూజివీడు నుంచి హైదరాబాదుకు బస్సెక్కాల్సిన అవసరం తప్పింది. 2023 నవంబరు నుంచి ఇక్కడ 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే వీలుంది, అంతకుముందు పరిమితి 30 లక్షలు. అన్ని పత్రాలు అందిన 3 నెలల్లో అంబుడ్స్‌మన్ తీర్పు, అంటే అవార్డు, రావాలి, వచ్చిన 30 రోజుల్లో కంపెనీ అమలు చేయాలి. అవార్డు కంపెనీని కట్టిపడేస్తుంది, ఫిర్యాదుదారును కట్టదు. తృప్తి కలగకపోతే వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. తిరగేస్తే కుదరదు. కమిషనులో కేసు వేశాక అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరికి పోలేరు. కాబట్టి ఇంటి క్లెయిముల్లో ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళడమే తెలివైన పని.

మూడో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జూలై 20న అమల్లోకొచ్చిన 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానుండే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా సరే. కేసు విలువను చెల్లించిన ప్రీమియంతో లెక్కిస్తారు గనుక ఇంటి బీమా కేసులు దాదాపు అన్నీ జిల్లా స్థాయిలోకే వస్తాయి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టలు ద్వారా ఆన్‌లైనులో వేయవచ్చు. గడువు రెండేళ్ళు. తిరస్కరణ వచ్చాక కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ పోతే ఆ గడువు పెరగదు, ఇది గుర్తుపెట్టుకోవాలి.

న్యాయస్థానాల మాట

కమిషన్ల ముందు బీమాదారులకు అండగా నిలిచే సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఉన్నాయి. తిరస్కరణ ఉత్తరంలో రాయని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తకూడదు. 2016లో గలాడా పవర్ కేసు, 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసు దీన్ని స్థిరపరిచాయి. ఉత్తరంలో కారణం స్పష్టంగా రాయించుకోమని పైన అన్నది ఇందుకే. ఒక్కసారి ‘ఆలస్యం’ అని మాత్రమే రాస్తే, రేపు ‘అరుగుదల’ అనడానికి దారి మూసుకుపోతుంది.

సర్వేయరు నివేదిక ముఖ్యమైన ఆధారమే, కానీ అదే తుది మాట కాదని 2009లో న్యూ ఇండియా – ప్రదీప్ కుమార్ కేసులో కోర్టు చెప్పింది. తనకు నచ్చిన నివేదిక వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరిగా సర్వేయర్లను వేసుకుంటూ పోవడాన్ని అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో తప్పుపట్టింది. బీమా చేయించుకున్నవారికి తెలియజెప్పని మినహాయింపు వారిని కట్టదన్నది 2019 నాటి భారత్ వాచ్ కంపెనీ తీర్పు. ఆలస్యం విషయంలో 2011 సెప్టెంబరు 20న నియంత్రణ సంస్థ ఇచ్చిన సర్క్యులరు నిజమైన క్లెయిములను కేవలం ఆలస్యం పేరుతో కొట్టేయవద్దని చెప్పింది. 2017లో ఓంప్రకాశ్, 2020లో గుర్‌షిందర్ సింగ్ కేసుల్లో సుప్రీంకోర్టు అదే దారిలో నడిచింది. ఆ రెండూ వాహన దొంగతనం కేసులు. ఇంటి కేసులో వాడుకునేటప్పుడు, ఆలస్యం వల్ల నష్టాన్ని పరిశీలించే వీలు కంపెనీకి పోలేదని కూడా చూపించాలి. పగిలిన రేకుల ముక్కలు, వంగిన పైపులు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు ఆ పని చేస్తాయి.

కోత పెట్టిన పరిహారం

పాత ఫైర్ పాలసీలో తక్కువ మొత్తానికి బీమా చేయిస్తే పరిహారాన్ని అదే నిష్పత్తిలో కోసేవారు. 20 లక్షల ఇంటికి 10 లక్షలే రాయించి, 2 లక్షల నష్టం జరిగితే చేతికొచ్చేది లక్ష. గృహ రక్షలో ఈ కోత లేదు. కొత్త పాలసీకి పాత లెక్క వేసి పంపితే సర్వేయరు నివేదికలో ఆ గీత దగ్గరే అభ్యంతరం రాయాలి.

డబ్బు వచ్చే ముందు డిశ్చార్జి వోచరు వస్తుంది. ‘పూర్తిగా, తుదిగా అందింది’ అని అచ్చేసి ఉంటుంది. ఆ వోచరు మీద సంతకం పెట్టించుకుని తర్వాత పరిహారం చాలలేదని అడిగే హక్కును మూసేయవద్దని 2015 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. అయినా జాగ్రత్తగా, సంతకం పైన ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను, మిగతా సొమ్ముకు నా హక్కు వదులుకోవడం లేదు’ అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకుని అప్పుడు ఇవ్వాలి. వచ్చిన సొమ్ముతో ముందు కప్పు వేయించుకోవచ్చు. మిగతాదాని కోసం అంబుడ్స్‌మన్‌కు పంపే కాగితాల్లో ఆ ఫోటో కూడా పెట్టాలి.